పిండిముద్దకు తల్లెవరని అడిగారు

మీ ఇంట్లో ఎవరికో విషజ్వరం తగ్గి, డాక్టరు పాలూ రొట్టే పెట్టమన్నప్పుడు, ఆ రొట్టెను పొంగించింది ఏమిటని మీరు ఎన్నడైనా అడిగారా? అడిగి ఉండరు. ఇరవై రోజులు గంజి నీళ్ళతో గడిపిన బిడ్డ నోట్లోకి మెత్తగా దిగేదాన్ని చేతిలో పెట్టుకుని అటువంటి ప్రశ్న ఎవరూ వెయ్యరు. నేనూ వెయ్యలేదు. కానీ మన రెండు జిల్లాల సరిహద్దులో ఒక ముసలామెను ఆ ఒక్క ప్రశ్న పట్టుకుని ఎనిమిదేళ్ళు వేధించారు. పోయిన నెల ఆమె చనిపోయింది. చనిపోయినా ప్రశ్న వదలలేదు. సమాధుల తోట గోడ లోపల ఆమెకు చోటు ఇవ్వలేదు. వంక గట్టున తుమ్మచెట్ల మధ్య పూడ్చారు.

ఈ సంగతి నాకు మిషను ఆస్పత్రి కాంపౌండరు రాసిన కార్డు ముక్క వల్ల తెలిసింది. రెండే వాక్యాలు. రొట్టెలవ్వ మంగళవారం పోయింది. గోడ బయట పెట్టినారు.

ఆమె అసలు పేరు నేను రాయను. ఆ పేరును పోలీసులు ఒకసారి కాగితానికెక్కించారు, గుడి సంఘంవారు ఒకసారి తమ పుస్తకంలోంచి కొట్టేశారు. దాన్ని రాసినవాళ్ళు గానీ కొట్టేసినవాళ్ళు గానీ దానికి చేసిన మేలు లేదు. ఊరంతా పిలిచినట్టే రొట్టెలవ్వ అంటాను.

మా సీమలో రొట్టె అంటే జొన్నరొట్టె. చేత్తో తట్టి పెనం మీద వేసేది. రొట్టెలవ్వ చేసేది అది కాదు. ఊరివాళ్ళు ఉబ్బురొట్టె అనేవారు, సాయిబుల వీధిలో డబల్‌రొట్టె అనేవారు. వయసులో ఉండగా ఆమె ఆస్పత్రి డాక్టరు దొరసాని బంగళాలో వంటపని చేసి ఈ విద్య నేర్చుకుంది. దొరసాని సముద్రం దాటి వెళ్ళిపోయాక బంగళా వంటింటికి తాళం పడింది. అవ్వ ఇంటికొచ్చి గుడిసె వెనక తానే పొయ్యి కట్టుకుంది. కిరసనాయిలు డబ్బాను అడ్డంగా పడుకోబెట్టి చుట్టూ జానెడు మందాన బంకమన్ను మెత్తింది. లోపల మొదట నాపరాయి పరిచింది. వేడికి అది తుపాకి పేలినట్టు పగిలింది. ఆ తర్వాత పాత ఇంటి పెంకులు ఏరుకొచ్చి పరిచింది. కింద పత్తికట్టె మంట, పైన తుమ్మ బొగ్గుల నిప్పు.

గోధుమలు తానే విసిరి పాత చీరగుడ్డలో రెండుసార్లు జల్లించేది. ఉప్పు, వేలి కొసంత బెల్లం వేసేది. పిండిని పొంగించడానికి, తెల్లవారగానే చెట్టు మీంచి దించిన ఈతకల్లు చిన్న గ్లాసెడు. దొరసాని నేర్పిన పద్ధతి అదే. మన దేశంలో ఎన్నో పట్టణాల్లో రొట్టె పొంగేది అలాగే. పొద్దెక్కిన కల్లును మాత్రం ఆమె ముట్టేది కాదు.

"ఎండెక్కినాక అది మొగోళ్ళకు పనికొస్తాది, పిండికి పనికిరాదు" అనేది.

పిసికిన పిండిని కుండలో పెట్టి, చలికాలమైతే కంబళి చుట్టి పొయ్యి పక్కన ఉంచేది, ఎండాకాలమైతే తడి ఇసుకలో దించేది. మధ్య మధ్య వచ్చి కుండకు చెవి ఆనించి వినేది. పక్కింటివాళ్ళు ఏదో గొడవ పడుతుంటే వెళ్ళి, "మెల్లగా కొట్లాడండమ్మా, పిండి పండుకోనుండాది" అని చెప్పి రావడం నేను చూశాను. వాళ్ళు నిజంగానే గొంతు తగ్గించారు.

పొయ్యి వేడి చూడటానికి ఆమె దగ్గర ఏ పరికరమూ లేదు. కుడిచెయ్యి మోచేతిదాకా డబ్బాలోకి పెట్టి, వాళ్ళ క్రైస్తవ సంఘంలో రోజూ చెప్పుకునే పరలోక ప్రార్థన మొదలుపెట్టేది. అన్నం అడిగే మాట రాకముందే చెయ్యి లాక్కోవలసి వస్తే వేడి ఎక్కువ. ఆ మాట దాటి తప్పులు క్షమించమనే మాటదాకా ఓర్చుకోగలిగితే వేడి తక్కువ. సరిగ్గా అన్నం మాట దగ్గర చెయ్యి చురుక్కుమంటే పొయ్యి సిద్ధమైనట్టు. ఆ చేతి మీద నేను ఎన్నడూ ఒక్క వెంట్రుక చూడలేదు.

నేను హేతువాదిని. ఊరుకోగలనా?

"అవ్వా, రొట్టె కాలేది వేడితో. ప్రార్థనతో కాదు" అన్నాను.

"కాలేది వేడితోనే అయ్యోరూ. లెక్కబెట్టేదానికి ఏదో ఒగటి కావాల గదా. మీ కాడ అంతే పొడుగుండే మంచి మాటలేమన్నా ఉంటే సెప్పండి, వాటితోనే లెక్కబెడతా."

నా దగ్గర లేవు. అప్పటికి పదేళ్ళుగా ఉపన్యాసాలిస్తున్నాను, కానీ ఒక ముసలామె పొయ్యిలో చెయ్యి పెట్టి చెప్పుకోదగిన మాటలు నాలుగు పోగు చేసుకోలేదు.

కాలిన రొట్టెను తీసి, బోర్లించి, అడుగున వేలి కణుపుతో తలుపు తట్టినట్టు తట్టేది. "ఎవురున్నారు లోపల?" అని అడిగేది. బోలుగా మోగితే, "యెవురూ లేరు, అయిపోయింది" అని పక్కన పెట్టేది. మొద్దుగా మోగితే, "ఇంగా ఉండారు" అని మళ్ళీ లోపలికి తోసేది. మంగళవారం, శుక్రవారం ఆరేసి రొట్టెలు ఆస్పత్రికి పోయేవి. నెలలో మొదటి ఆదివారం ఒక్క రొట్టె తెల్లగుడ్డలో చుట్టుకుని తానే గుడికి తీసుకుపోయేది. ప్రభు భోజనం రోజున అందరికీ ముక్కలు చేసి పంచే రొట్టె అది. దాన్ని కూడా తట్టి చూసేది కానీ, ఎవరున్నారని మాత్రం అడిగేది కాదు. ఎందుకని నేనొకసారి అడిగితే గుడ్డ ముడి బిగించుకుని గుడివైపు నడిచింది. నేను మళ్ళీ అడగలేదు.

ఆమెను నేను మొదట చూసింది వాదం జరిగిన రోజున. నేను ఆ తాలూకా బడిలో అయ్యవారిని. దేవుడున్నాడా లేడా అని వాళ్ళ ఊరి బడి అరుగు మీద పాదిరికీ నాకూ మూడు గంటల సేపు వాదన జరిగింది. ముగిసేసరికి గొంతులు ఎండిపోయాయి. ఒక సన్నటి నల్లటి ఆడమనిషి వచ్చి ఇద్దరి ముందూ రెండేసి రొట్టె ముక్కలు పెట్టింది.

"వాదంలో ఎవురు గెలిచినారు అయ్యోరూ?"

"నేనే."

"అయితే దేవుడు లేడా?"

"లేడు."

"సరే, తినండి. ఉన్నా లేకపోయినా ఆరిపోతే గట్టిపడతాది."

నేను లేచి నిలబడి, ముక్క పైకెత్తి, అందరూ చూసేటట్టు తిన్నాను. ఎవరి చేతి తిండైనా నాకు ఒకటేనని రెండు వాక్యాలు కూడా చెప్పినట్టు గుర్తు. ఆమె నడుము మీద చెయ్యి పెట్టుకుని నేను నమిలి మింగేదాకా ఆగింది.

"తినేదానికి నోరు సాలదా అయ్యోరూ? సాక్షులెందుకు?"

జనం నవ్వారు. పాదిరి అందరికన్నా ఎక్కువ నవ్వాడు. మూడు గంటల్లో ఆయన నాకు తగిలించలేని దెబ్బ ఆమె ఒక్క మాటతో తగిలించింది. ఆ రోజు నుంచి ఆ పక్కకు పోయినప్పుడల్లా ఆమె పొయ్యి దగ్గర కూర్చుని తినేవాణ్ణి, ఎవరూ చూడకుండా.

ఆ తర్వాత మద్యనిషేధం వచ్చింది. మొదట వచ్చిన జిల్లాల్లో మా కడప ఒకటి. దానికోసం ఊరూరా తిరిగి ప్రచారం చేసినవాళ్ళలో నేనొకణ్ణి. అందుకు ఇప్పటికీ సిగ్గుపడను. కల్లు ఎన్ని కొంపలు ముంచిందో నాకు తెలుసు. రొట్టెలవ్వకు నాకన్నా బాగా తెలుసు. ఆమె మొగుడు తాగిన రోజు కొట్టేవాడు, తాగని రోజు ఏడ్చేవాడు, చివరికి తాగే పోయాడు. ఆ ఊరి ఆడవాళ్ళలో ప్రతిజ్ఞ కాగితం మీద మొదటి వేలిముద్ర ఆమెదే. నేనే కాగితం పట్టుకున్నాను. ముద్ర వేసి, సిరా వేలిని నుదుటికి రాసుకుని నవ్వింది.

చట్టం రాగానే ఈతచెట్లకు కట్టిన కుండలన్నీ దించేశారు. పిండిని పొంగించే చుక్క ఎక్కడా లేకుండా పోయింది. ఆ సంగతి మాలో ఎవరికీ తట్టలేదు. అంత పెద్ద చట్టం, అన్ని ఉపన్యాసాలు, అన్ని కమిటీలు, ఆస్పత్రిలో రోగి తినే రొట్టె ఇక ఎలా పొంగుతుందని ఒక్కడు ఆలోచించలేదు. ఆమెను అడగలేదు కూడా. ఆమె ఎవర్నీ అర్థించలేదు. ఊరవతల వంక దాటితే కోయిలకుంట్ల తాలూకా. అది కర్నూలు జిల్లా, అక్కడ ఆ చట్టం లేదు. వంక ఒకటే. ఈ గట్టున నేరం, ఆ గట్టున సర్కారువారి కల్లు వేలంపాట. వారానికి రెండుసార్లు పొద్దు పొడవగానే ఆమె చిన్న మట్టిముంత పట్టుకుని వంక దాటి పోయి వచ్చేది.

నాలుగో వారం వంకలో కాపలా ఉన్న జవాను పట్టుకున్నాడు. వాళ్ళిద్దరి మధ్య జరిగిన మాటలు కోర్టులో జవానే చెప్పాడు, ఆమె పొగరుకు రుజువుగా.

"ముంతలో యేముండాది?"

"కల్లు."

"తాగేదానికా?"

"కాదు, పిండికి."

"పిండి కల్లు తాగుతాదా?"

"తాగి లేస్తాది. మీ మాదిరి పడిపోదు."

మేజిస్ట్రేటు కూడా నవ్వాపుకోలేకపోయాడట. నవ్వి, కోర్టు లేచేదాకా ఖైదు విధించాడు. అంటే సాయంత్రం దాకా ఆ గదిలో గోడ పక్కన నిలబడటం. ఆమె నిలబడింది. దారిలో కనబడినవాళ్ళు ఏమయిందని అడిగితే, "ఏం గాలేదు, కాళ్ళు నొచ్చినాయి" అన్నది. చట్టం తన పని అక్కడితో ముగించింది. ఆ చట్టం మీద నాకు కోపం లేదు. నా కోపమంతా ఆ తర్వాత జరిగినదాని మీద.

స్టేషను చుట్టూ, కోర్టు చుట్టూ తిరిగిన ఆ రోజుల్లో ఆమె పిండి కుండ కడగలేదు. ఇంటికొచ్చి చూస్తే, అడుగున అంటుకున్న పాత పిండి పులిసి బుడగలు లేచి ఉంది. పారేయడానికి మనసొప్పక దాన్ని కొత్త పిండిలో కలిపింది. సాయంత్రానికి పిండి పొంగింది. మరునాడు ఆ పిండిలోంచి ఒక ముద్ద తీసి దాచి, మళ్ళీ కొత్త పిండిలో కలిపింది. మళ్ళీ పొంగింది. ఇక కల్లు అక్కర లేదు. ఎవరూ చెప్పకుండా, ఏ పుస్తకమూ చదవకుండా, శిక్షపడి ఇంటికొచ్చిన మనిషి కుండ అడుగు గోకి చిక్కు విప్పేసింది. మనం హేతుబుద్ధి అని గొంతు చించుకునేది దేన్ని గురించి? నాకు తెలిసినంతలో అది ఇదే.

అయితే ఈలోగా సంఘపెద్దకు కంగారు పుట్టింది. ఆయన చెడ్డవాడు కాదు. ప్రతిజ్ఞలు పట్టించడంలో నాకు కుడిభుజం. కోర్టు సంగతి విన్నాక ఆయనకు నిద్ర పట్టలేదు. ఇన్నేళ్ళూ ప్రభువు బల్ల దగ్గర తాము తిన్నది కల్లేనా? పాదిరి విషయాన్ని ఆయనకే వదిలేశాడు. సంఘపెద్ద నాకు ఉత్తరం రాశాడు. కల్లు పోసి పొంగించిన రొట్టె కాలిన తర్వాత అందులో కల్లు ఉంటుందా, ఉండదా? మీరు శాస్త్రం తెలిసినవారు, మీరేం రాస్తే దానికి కట్టుబడతాం.

నాకు జవాబు తెలుసు. పొయ్యి వేడికి మత్తు ఆవిరై పోతుంది. పొంగించిన సూక్ష్మజీవులు కాలి చస్తాయి. మిగిలేది పిండి, ఉప్పు, వాటి మధ్య గాలి గదులు. ఒక్క ముక్కలో రాయవచ్చు, ఉండదు అని. కానీ ఆ పై వారమే తాలూకా అంతటికీ పెద్ద ప్రతిజ్ఞా సభ పెట్టుకున్నాం. కల్లు ఫలానా చోట దోషం కాదని నా చేత్తో రాసిస్తే, రేపు తాగేవాడల్లా రొట్టెకోసమని ముంత పట్టుకు తిరుగుతాడని మా కమిటీవాళ్ళు భయపెట్టారు. నేనూ భయపడ్డాను. చట్టం అందరికీ సమానమనీ, ప్రతిజ్ఞ చేసినవారు మరింత జాగ్రత్తగా ఉండాలనీ రాసి పంపాను.

నాలుగో రోజు మధ్యాహ్నం బడి వదిలే వేళకు రొట్టెలవ్వ వచ్చింది. ఒక చేతిలో గుడ్డమూట, ఒక చేతిలో సంఘపెద్దను అడిగి తెచ్చిన నా ఉత్తరం. అంతవరకూ నన్ను మీరు అని తప్ప పిలవని మనిషి.

"ఇది నీ సేతిరాతే గదా. సదువు."

చదివాను.

"పెద్దాయన అడిగిందేమి?"

"రొట్టెలో కల్లు ఉంటుందా ఉండదా అని."

"నువ్వు రాసిందేమి?"

నేను ఉత్తరం మడత పెట్టాను.

"ఉంటాదా?"

"ఉండదు."

"ఆ మాట రాయి. ఒగటే మాట. కాయితం నేనే తెచ్చినా."

మూట విప్పింది. అందులో ఒక రొట్టె, దాని కింద మడత పెట్టిన తెల్లకాగితం. ఆ రొట్టెలో కల్లు చుక్కయినా వెయ్యలేదని, కుండ కడగని సంగతి, పాత ముద్ద సంగతి అంతా చెప్పింది. ఆస్పత్రివాళ్ళు రొట్టెలు ఆపేశారని కూడా చెప్పింది, సంఘం తేల్చేదాకా వద్దన్నారని. తన పేరు సంఘం పుస్తకంలో ఉంటుందా పోతుందా అనేది వచ్చే ఆదివారం తేలుస్తారన్నది.

"రొట్టెలు పోతే పోనీ. కూలికన్నా పోతా. పేరు పోతే నేను యాడికి పోవాల?"

సభ కాగానే రాస్తానన్నాను. సభ కన్నా ముందే ఆదివారం వస్తుందన్నది. అంతలో రాస్తానులే అన్నాను. ఆమె కాగితాన్ని బల్ల మీదే వదిలి, ఉత్తరాన్నీ రొట్టెనూ మళ్ళీ గుడ్డలో చుట్టుకుని వెళ్ళిపోయింది. ఆమె తెచ్చిన తిండి నాకు పెట్టకుండా తిరిగి తీసుకుపోవడం అదొక్కసారే.

ఆదివారం నన్నూ రమ్మన్నారు, వెళ్ళాను. ఏమీ రాయలేదు. నోటితో చెబుదామనుకున్నాను. ఆరాధన ముగిశాక ఆమెను ముందు నిలబెట్టారు. ఆ రొట్టె బల్ల మీద ఉంది. సంఘపెద్ద అడగడం మొదలుపెట్టాడు.

"ఈ రొట్టెలో కల్లు పోసినావా?"

"లేదు."

"మరి యెట్ల పొంగింది?"

"పాత ముద్ద కలిపినా."

"ఆ ముద్ద యాడిది?"

"అంతకు ముందు పిండిది."

"దానికి ముందు?"

"దానికి ముందుదానిది."

"అన్నిటికీ ముందు?"

ఆమె అబద్ధం చెప్పవచ్చు. చెప్పలేదు.

"కల్లు."

"అయితే ఆ ముద్దకు తల్లి కల్లే గదా" అన్నాడు సంఘపెద్ద. ఆయన గొంతులో గెలిచిన సంతోషం లేదు, నిజమైన బాధే ఉంది. అందుకే నాకు మరింత మంట. తల్లి ఎవరు, తాత ఎవరు, ఎన్ని తరాలు గడిస్తే మచ్చ పోతుంది అన్న లెక్క ఈ దేశంలో ఎవరి మెడ మీద కత్తిలా వేలాడిందో ఆయనకు తెలియదా? ఆ లెక్క భరించలేకనే గదా ఆయన తాత ఊరినీ దేవుణ్ణీ వదిలి ఈ గుడికి వచ్చింది. అదే లెక్క తెచ్చి పిండిముద్ద మీద పెట్టాడు.

ఆమె రొట్టె వైపు చూసింది. తర్వాత మెల్లగా మాట్లాడింది.

"మీ తాతలు యేం తాగినారో, యేం మొక్కినారో నేను ఎప్పుడన్నా అడిగినానా అప్పా? నీళ్ళు పోయించుకోని మారినామన్నారు. నమ్మినా. నేనూ అట్లనే మారినా, మీరు నమ్మినారు. పిండి నిప్పులో పడి మారిందంటే మీరెందుకు నమ్మరు?"

ఆడవాళ్ళ వైపు ఎవరో ముక్కు చీదారు. సంఘపెద్ద తల వంచుకున్నాడు. ఆ క్షణాన ఇంకొక్క మాట ఎవరైనా కలిపి ఉంటే ఆయన లొంగిపోయేవాడని నేను ఇప్పటికీ ప్రమాణం చేయగలను.

"ఒక్క మాట, తప్పయిందని అను తల్లీ. ఇంతటితో పోతాది" అన్నాడు.

"తప్పు యాడుండాదో సూపియ్యి, అంటా."

ఆయన జేబులోంచి నా ఉత్తరం తీశాడు. తాలూకా కమిటీ అయ్యవారే రాశారన్నాడు. తలలన్నీ నా వైపు తిరిగాయి. ఆమె కూడా తిరిగింది. నేను లేచి, 'ఉండదు' అన్న ఒక్క మాట అంటే చాలు. పాదిరి ముందు మూడు గంటలు గొంతెత్తి వాదించినవాణ్ణి, ఆ మాట అనకుండా కాలివేళ్ళు చూసుకుంటూ కూర్చున్నాను.

పేరు కొట్టేశారు.

ఇంకొక సంగతి చెప్పాలి. ఆ బల్ల మీదే, ఆ రొట్టె పక్కనే, ప్రభు భోజనంలో పోసే ద్రాక్షారసం సీసా ఉంటుంది. పట్నం నుంచి వస్తుంది. అది పులిసినదే, అందులో మత్తు ఉన్నదే. పూజకు గనుక చట్టమే దానికి మినహాయింపు ఇచ్చింది. మత్తు ఉన్న సీసా గుడిలో ఉంది. మత్తు లేని రొట్టె, దాన్ని చేసిన మనిషి, గుడి బయట. ఆ రోజు ఇంత తర్కం విన్న నేను ఈ మాట కూడా అనలేదు.

తర్వాత రెండేళ్ళు గుడికీ ఆస్పత్రికీ రొట్టె పట్నం నుంచి బస్సులో వచ్చింది. ఆ బేకరీవాడు దేనితో పొంగిస్తాడని ఎవరూ ఉత్తరం రాసి కనుక్కోలేదు. దానికి తల్లెవరని అడగలేదు. ముక్క చేసి పంచుకున్నారు, తిన్నారు. రొట్టెలవ్వ నెలలో మొదటి ఆదివారం గుడి గోడ బయట, కిటికీ కింద కూర్చునేది. లోపల ప్రార్థన జరుగుతుంటే తానూ పెదవులు కదిపేది. అన్నం మాట దగ్గర ఆమె కుడిచెయ్యి కొద్దిగా వెనక్కి లాగుకునేదని కాంపౌండరు చెప్పాడు.

యుద్ధం ముదిరాక పెట్రోలు దొరకక బస్సు ఆగింది. రేషనులో బియ్యానికి బదులు గోధుమలు వచ్చాయి. వాటినేం చేసుకోవాలో మా సీమలో ఎవరికీ తెలియదు. వాళ్ళ వీధి ఆడవాళ్ళు ఒక్కరొక్కరే రొట్టెలవ్వ గుడిసె వెనక్కి చేరారు. ఆమె ఎవర్నీ పొమ్మనలేదు. ప్రతి ఒక్కరికీ ముద్దలోంచి చిన్న ముద్ద తుంచి, గిన్నెలో పెట్టి ఇచ్చేది. "పస్తు పెట్టొద్దు. రోజూ ఇంత పిండి ఏయండి. పిల్లకాయను సూసినట్టు సూసుకోండి." అలా ముద్ద తీసుకుపోయినవాళ్ళలో సంఘపెద్ద కోడలు ఒకతె.

బస్సు లేదు గనుక ప్రభు భోజనానికి రొట్టె ఎవరో ఒకరు చెయ్యాలి. సంఘపెద్ద కోడలు చేసింది. అప్పటినుంచి ఈనాటిదాకా ఆమే చేస్తున్నది. ఏ ముద్దతో చేస్తున్నదో గుడిలో ప్రతి ప్రాణికీ తెలుసు. సంఘపెద్దకు తెలుసు. పాదిరికి తెలుసు. అడిగేవాడు లేడు. ఏ ముద్దకు తల్లి కల్లని ఒక మనిషి పేరు కొట్టేశారో, ఆ ముద్దతో పొంగిన రొట్టెనే నెలనెలా మోకాళ్ళ మీద కూర్చుని తింటున్నారు.

ఈ సంగతి విన్నాక నేను ఆమె దగ్గరికి పోయాను. ముసలితనంతో వంగిపోయింది, చెయ్యి మాత్రం పొయ్యిలో ఉంది.

"నీ రొట్టే తింటున్నారట గదా అవ్వా."

"తింటాండారు" అని పళ్ళు లేని నోటితో నవ్వింది. "నేను కిటికీ కాడ కూసుంటే వాసన వస్తాది. బాగా కాలుస్తాది ఆ పిల్ల. ఉప్పే శానా ఏస్తాది."

ఆ రోజుల్లోనే, యుద్ధానికి డబ్బు కావలసి వచ్చి, సర్కారు మద్యనిషేధాన్ని తానే ఎత్తేసింది. ఈతచెట్లకు మళ్ళీ కుండలు కట్టారు. ఆ మాట కూడా చెప్పాను, ఏదో శుభవార్త మోసుకొచ్చినట్టు. ఏ చట్టం కింద నిన్ను నిలబెట్టారో ఆ చట్టమే ఇప్పుడు లేదు అన్నాను.

ఆమె రొట్టెను బయటకు తీసి బోర్లించి తట్టింది. బోలుగా మోగింది.

"సట్టం పోయిందా? నా పేరు వచ్చినాదా?"

రాలేదు. ఆ రోజున కూడా నేను సంఘపెద్ద ఇంటికి పోలేదు. మళ్ళీ వచ్చినప్పుడు చూద్దామనుకున్నాను. ఆమె ఎప్పటిలాగే రెండు ముక్కలు కోసి పెట్టింది. తిన్నాను.

పోయిన వారం, కార్డు అందాక, పోయాను. సంఘపెద్ద మంచం పట్టి ఉన్నాడు. గోడ బయట ఎందుకు పూడ్చారని అడిగాను. పుస్తకంలో పేరు లేని మనిషిని లోపల ఎలా పెడతామన్నాడు. అయితే పేరు తిరిగి రాయండి అన్నాను. ఆయన మోచేతి మీద ఆనుకుని లేచాడు.

"రొట్టెలో కల్లు లేదని, పిండి మారిందని ఒక్కరన్నా రాసిస్తారని ఎనిమిదేండ్లు కాసుకోనుంటి అయ్యవారూ. ఎవురన్నా రాసింటే సంగం ముందర పెట్టుందును. ఎవురూ రాయల్యా. మీరూ రాయల్యా. ఇప్పుడు రాసినా పెడతా. పేరు ఎక్కితే, గోడ ఆ పక్కకు జరిపి కట్టిస్తా."

అక్కడే ఆయన మంచం పక్కన కూర్చుని రాశాను. రొట్టెలో కల్లు లేదు, ఆనాడు కూడా లేదు, ఆ సంగతి తెలిసి దాచినవాణ్ణి నేను అని రాసి, కింద పేరు పెట్టాను. ఆయన చదివి దిండు కింద పెట్టుకున్నాడు. ఒక్కటే చాలదన్నాడు. దేవుణ్ణి నమ్మనివాడి మాట సంఘం వినదు, తిన్నవాళ్ళు రాయాలన్నాడు.

ఆ పుస్తకం ఎవర్నైనా పరలోకానికి చేరుస్తుందని నేను నమ్మను. ఆమె నమ్మింది. రొట్టెలు పోయినా ఫరవాలేదు, పేరు పోతే ఎక్కడికి పోవాలని అడిగింది. ఆ పేరు ఆమెది, అది ఆమెకు తిరిగి రావాలి.

ఇప్పుడు మీరు. ఆ ఆస్పత్రి పేరు నేను చెప్పనక్కర లేదు. వంకకు ఇటూ అటూ మీ ఇళ్ళల్లో విషజ్వరం తగ్గి ఆ మంచం మీద కూర్చుని పాలల్లో ముంచిన మెత్తటి రొట్టె తిన్నవాళ్ళున్నారు. తినిపించిన తల్లులున్నారు. ఆ గుడిలో మోకాళ్ళ మీద కూర్చుని ఇప్పటికీ తింటున్నవాళ్ళున్నారు. సభ పెట్టమని అడగను, ఉపన్యాసం ఇమ్మని అడగను. ఒక కార్డు ముక్క తీసుకోండి. ఆమె రొట్టె తిన్నామని, అందులో కల్లు లేదని రాయండి. కింద మీ పేరు రాయండి. సంఘపెద్ద బతికి ఉండగానే ఆయనకు పంపండి. ఆ గోడ కట్టే మేస్త్రీలకు పని పెట్టండి.